గోపాలపూర్ తప్ప వేరే సముద్రం చూడని కుటుంబం మొదటిసారి హేవ్‌లాక్ రిసార్టుకు వెళ్తోంది: ముందు ఏం చూసుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. బరంపురం నుంచి మీ దంపతులు, అరవై అయిదేళ్ల మీ అమ్మగారు, ఆరేళ్ల పాప ఫిబ్రవరిలో అండమాన్ వెళ్దామనుకుంటున్నారు. ఇంతవరకు గోపాలపూర్, పూరీ ఒడ్డు తప్ప చూడలేదు. బీచ్ రిసార్టులో బస ఇదే మొదలు. ఏ రిసార్టు మంచిది, ఎన్ని రాత్రులు ఉండాలి, ఎంతవుతుంది అని అడిగారు.

సూటిగా చెబుతాను. అయిదు రాత్రులు పెట్టుకోండి: మొదటి రాత్రి పోర్ట్‌బ్లెయిర్, తర్వాత మూడు రాత్రులు అక్కడి నుంచి పడవలో వెళ్లే హేవ్‌లాక్ ద్వీపం, చివరి రాత్రి మళ్లీ పోర్ట్‌బ్లెయిర్. హేవ్‌లాక్‌లో తూర్పు ఒడ్డున, గోవింద్‌నగర్ - విజయ్‌నగర్ వైపు, ఈతకొలను ఉన్న రిసార్టులో నేలమీది గది తీసుకోండి. రాధానగర్ బీచికి మధ్యాహ్నాలు ఆటోలో వెళ్లి రండి. నీల్ ద్వీపం ఈసారికి వదిలేయండి. విమానం, పడవలు, వాటి తర్వాత గది, ఈ వరసలో బుక్ చేయండి. విమానం ఛార్జీలు కాకుండా నలుగురికీ డెబ్బై అయిదు, ఎనభై వేలు అనుకోండి.

రిసార్టు పేరు ఎందుకు చెప్పలేదంటే, గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లేవాళ్లకు బుకింగులు చూసే పనిలో నాకు వచ్చిన ఫిర్యాదుల్లో గది బాగాలేదన్నవి చాలా తక్కువ. "సముద్రం ఎదురుగానే ఉంది, దిగడానికి నీళ్లు లేవు", "పడవ రద్దయింది, విమానం పోయింది" అన్నవే ఎక్కువ. ఈ రెండూ రిసార్టు పేరు చూస్తే తేలేవి కావు. అందుకే వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు పేర్ల సంగతి. 2018 డిసెంబరులో హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌కు షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద, గది రసీదు మీద పాత పేరుండొచ్చు, కొత్త పేరుండొచ్చు. రెండూ ఒకే చోటు, కంగారు పడకండి.

ఒడ్డు ఎలా ఎంచుకోవాలి

గోపాలపూర్‌లో మనకు భయం కెరటంతో. ఒడ్డు దిగగానే లోతు, కాళ్ల కింద ఇసుకను లాగేసే నీరు. హేవ్‌లాక్ తూర్పు ఒడ్డు దీనికి పూర్తిగా వేరు. అక్కడ కెరటం దాదాపు ఉండదు, నేల చాలా దూరం లోతు లేకుండా సాగుతుంది, అడుగున పగడపు రాయి. పోటు మీద ఉన్నప్పుడు గది ముందు కొబ్బరి చెట్ల మొదళ్ల దాకా నీలం నీళ్లు వస్తాయి. రిసార్టు వాళ్ల ఫొటోలన్నీ ఆ వేళ తీసినవే. ఆటుకు అదే నీరు వంద గజాలు దాటి వెనక్కి పోతుంది. మిగిలేది రాళ్లు, బురద ఇసుక, మోకాలి లోతు మడుగులు. ఆ రాళ్ల మీద నడిస్తే అరికాళ్లు కోసుకుంటాయి, సముద్రపు ముళ్లకాయలు (ఒళ్లంతా ముళ్లుండే చిన్న జీవులు) గుచ్చుకుంటాయి. పాపను ఆ వేళ దింపలేరు.

అయినా మీకు తూర్పు ఒడ్డే చెబుతున్నాను, కారణాలున్నాయి. జెట్టీ, బజారు, మందుల షాపు, ఏటీఎం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్నీ ఆ వైపే. గదుల ధరలు అందుబాటులో ఉంటాయి. అమ్మగారికి రాత్రి ఏదైనా నలతగా ఉన్నా అడవి దారిలో పది కిలోమీటర్లు ఆటో వెతుక్కునే పని ఉండదు. పడమటి ఒడ్డున రాధానగర్ దగ్గర రిసార్టులు కొన్నే, ధరలు బాగా ఎక్కువ, బయట తిండికి చోట్లూ తక్కువ. కానీ ఈతకు, కెరటాల్లో ఆటకు రాధానగరే. అడుగున మెత్తటి తెల్లటి ఇసుక, రాయి ఉండదు, ఆటుకు కూడా దిగొచ్చు. 2020లో మన దేశంలో మొదటిసారి బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత చూసి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన ఎనిమిది బీచుల్లో పూరీ గోల్డెన్ బీచితో పాటు ఇదీ ఒకటి. బట్టలు మార్చుకునే గదులు, స్నానాలు, రక్షకులు ఉంటారు. పగలు కాసేపు అక్కడికి వెళ్లి రావడం, బస మటుకు తూర్పున ఉండడం మీ కుటుంబానికి సరిపోతుంది. ఈతకొలను ఉండాలని అన్నది కూడా ఇందుకే. ఆటు వేళ పాప నీళ్లాట కొలనులో సాగుతుంది.

పోటు వేళలు ముందే తెలుసుకోవచ్చు. పోర్ట్‌బ్లెయిర్ పోటు పట్టికలు ఆన్‌లైన్లో దొరుకుతాయి. పోటుకూ ఆటుకూ మధ్య సుమారు ఆరు గంటలు, ఈ వేళలు రోజుకు దాదాపు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతాయి. పట్టిక చదవడం కొత్త అయితే ఇంట్లో గోడ మీది తెలుగు క్యాలెండర్ చాలు. అమావాస్య, పౌర్ణమి, వాటి తర్వాత రెండు రోజులు నీరు బాగా పైకి వచ్చి బాగా వెనక్కి పోతుంది, తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది. అష్టమి చుట్టుపక్కల రోజుల్లో ఈ తేడా తక్కువ. తేదీలు మీ చేతిలో ఉంటే హేవ్‌లాక్ మూడు రాత్రులు సప్తమి, దశమి మధ్య పడేలా చూడండి. రోజులో ఎక్కువసేపు గది ముందు నీళ్లుంటాయి.

రాధానగర్ వెళ్లే రోజు మధ్యాహ్నం రెండున్నర, మూడుకల్లా అక్కడుండాలి. మనకంటే తూర్పున ఉన్నా గడియారం మనదే కాబట్టి ఫిబ్రవరిలో అయిదున్నరకే పొద్దు గుంకుతుంది. సూర్యాస్తమయం అవగానే నీళ్లలోంచి బయటికి పంపేస్తారు. ఆటోను తిరుగు ప్రయాణానికి కూడా మాట్లాడుకుని వెళ్లండి. చీకటి పడ్డాక అక్కడ ఖాళీ ఆటో దొరకదు.

ఒక హెచ్చరిక. బీచికి చివర్లలో, మడ అడవి కాలువలు సముద్రంలో కలిసే చోట మొసళ్ల హెచ్చరిక బోర్డులుంటాయి. మన భితర్‌కనికలో ఉండే ఉప్పునీటి మొసళ్ల జాతే అవి. బోర్డు దాటి, జెండాలు దాటి ఎవ్వరూ దిగొద్దు. నీరు నిశ్చలంగా కనబడితే అది పిల్లలకు మంచి చోటని అనిపిస్తుంది. కాలువ మూతి దగ్గర అలా ఉంటే మాత్రం దూరంగా ఉండండి.

పడవ, విమానం: మధ్యలో ఒక రాత్రి

పోర్ట్‌బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు ప్రైవేటు క్యాటమరాన్‌లో (వేగంగా వెళ్లే జంట అడుగుల పడవ) సుమారు గంటన్నర, ప్రభుత్వ నౌకలో రెండు నుంచి రెండున్నర గంటలు. ప్రభుత్వ నౌక టికెట్ చవక. కానీ బుకింగ్ ప్రయాణానికి కొద్ది రోజుల ముందే తెరుస్తారు, స్థానికులకు ప్రాధాన్యం, మొదటిసారి వెళ్లేవాళ్లు దాని మీద ఆధారపడొద్దు. ప్రైవేటు పడవలో తరగతిని బట్టి మనిషికి ఒక వైపు పదిహేను వందల నుంచి రెండు వేల పైచిలుకు అవుతుంది.

విమానం దిగిన రోజే పడవ ఎక్కేద్దామని చాలామంది అడుగుతారు. కాగితం మీద కుదురుతుంది. విమానం ఒక గంట ఆలస్యమైతే కుదరదు. జెట్టీకి గంట ముందు చేరాలి, సామాను తనిఖీ ఉంటుంది, మిస్సయితే డబ్బు తిరిగి రాదు. మొదటి రోజు సాయంత్రం సెల్యులర్ జైలు చూసి అక్కడే పడుకోండి. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేసిన ఆ జైలును పాపకు కూడా నెమ్మదిగా చూపించవచ్చు. రాత్రి ధ్వని, కాంతి ప్రదర్శన టికెట్ ముందుగా తీసుకోండి.

చివరి రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండాలి. ఈ ఒక్కటి తగ్గించకండి. గాలి బలంగా ఉంటే ఓడరేవు అధికారులు పడవలు ఆపేస్తారు. పడవ వాళ్లు టికెట్ డబ్బు ఇస్తారు లేదా మరుసటి రోజుకు మారుస్తారు. విమానం వాళ్లు పడవ కోసం ఆగరు. 2016 డిసెంబరులో వాయుగుండం పట్టినప్పుడు హేవ్‌లాక్, నీల్ ద్వీపాల్లో వెయ్యి మందికి పైగా యాత్రికులు రోజుల తరబడి చిక్కుకుపోతే నౌకాదళం, తీరరక్షక దళం తీసుకొచ్చాయి. ఫిబ్రవరిలో ఆ భయం చాలా తక్కువ. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పొడి వాతావరణం, సముద్రం ప్రశాంతం, నీళ్ల అడుగు స్పష్టంగా కనబడుతుంది. అయినా ఒక రోజు గాలి వీచినా చాలు. బయల్దేరే వారం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ విడుదల చేసే కెరటాల సూచనలు చూస్తూ ఉండండి, అండమాన్‌కు విడిగా ఇస్తారు.

పడవలో ముందు వరస సీట్లు కిటికీలోంచి బాగుంటాయని తీసుకుంటారు. కుదుపు అంతా అక్కడే. కింది అంతస్తులో మధ్య నుంచి వెనక వైపు తీసుకోండి. వాంతుల మాత్ర పడవ ఎక్కడానికి గంట ముందు వేసుకోవాలి, వికారం మొదలయ్యాక వేస్తే ఉపయోగం ఉండదు. పాపకు మోతాదు, అమ్మగారి బీపీ మాత్రలతో కలిపి వాడొచ్చా అన్నది బరంపురంలో మీ డాక్టర్నే అడిగి రాయించుకోండి. ఖాళీ కడుపుతో వద్దు, నిండా తినీ వద్దు. ఇడ్లీ రెండు, కాస్త అల్లం చాలు. పెద్ద సామాను విడిగా పెట్టేస్తారు కాబట్టి మందులు, పాప బట్టలు ఒక జత చేతిసంచిలో ఉంచుకోండి.

బరంపురం నుంచి విమానానికి మీకు రెండు దారులు. భువనేశ్వర్ రోడ్డు మీద సుమారు 170 కిలోమీటర్లు. విశాఖ రైల్లో నాలుగు, నాలుగున్నర గంటలు. మీ తేదీకి ఈ రెండింటి నుంచి నేరు విమానం ఉందేమో ముందు చూడండి. లేకపోతే చెన్నై గానీ కోల్‌కతా గానీ మారాలి, అక్కడి నుంచి రెండుంబావు గంటల ప్రయాణం. మారేటప్పుడు రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే వెయ్యి రూపాయలు మిగలొచ్చు. మొదటిది ఆలస్యమై రెండోది పోతే ఎవరికీ బాధ్యత ఉండదు, నాలుగు టికెట్లు మళ్లీ కొనాలి. అండమాన్ విమానాలు ఎక్కువగా ఉదయం, మధ్యాహ్నం వేళలవే కాబట్టి ముందు రోజు రాత్రికే విమానాశ్రయం ఉన్న ఊరు చేరండి.

విశాఖ నుంచి ఓడ కూడా ఉంది, దాదాపు రెండున్నర రోజులు. అది నెలకో, కాస్త అటూ ఇటూనో ఒకసారి నడుస్తుంది, బయల్దేరే తేదీ మారుతుంది. రిసార్టు తేదీలు ఖాయం చేసుకున్నవాళ్లకు, పిల్లలూ పెద్దలూ ఉన్నవాళ్లకు నేను చెప్పను.

సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లకు వచ్చే ఒక చిక్కు ఇక్కడ రాయాలి. మన ఇంటిపేరు ఒక కాగితంలో ముందుంటుంది, ఒకదాంట్లో చివర ఉంటుంది. ఒడియాలో రాసి ఇంగ్లీషులోకి మార్చినప్పుడు అక్షరాలు కూడా తేడా వస్తాయి. విమానం, పడవ, గది మూడింటికీ ఆధార్‌లో ఉన్న పేరు ఉన్నది ఉన్నట్టు ఒకేలా ఇవ్వండి. పాపకు ఆధార్ గానీ జనన ధ్రువపత్రం గానీ పెట్టుకోండి. భారతీయులకు పోర్ట్‌బ్లెయిర్, హేవ్‌లాక్‌లకు పర్మిట్ అక్కర్లేదు. అక్కర ఉన్నది లక్షద్వీప్‌కు, రెండూ కలిపేసుకుని చాలామంది కంగారు పడతారు.

గది బుక్ చేసేముందు అడగాల్సినవి

ఫోన్ చేసి మాట్లాడండి, జవాబులు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి. గది నేలమీదా, మెట్లు ఎన్ని, వెస్టర్న్ టాయిలెట్టేనా, రిసెప్షన్ నుంచి గదికి ఎంత దూరం నడవాలి, ఆ దారి ఇసుకా సిమెంటా. చాలా రిసార్టులు కొబ్బరి తోటలో విడివిడి కుటీరాలుగా ఉంటాయి. చివరి కుటీరం నుంచి భోజనశాలకు రాత్రి వేళ నడవడం మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కష్టం. "సీ వ్యూ" అంటే చెట్ల సందుల్లోంచి కనబడడం, "సీ ఫేసింగ్" అంటే ఆ దిక్కుకు వాకిలి ఉండడం. ఒడ్డుకు ఎన్ని అడుగులు అని అడిగితేనే అసలు సంగతి తెలుస్తుంది. కరెంటు పోతే జనరేటర్ ఏసీకి కూడా పనిచేస్తుందా, లైట్లకేనా అన్నది అడగండి. ద్వీపంలో తాగే, వాడే నీళ్లు ఎక్కువగా వాన మీదే ఆధారం. ఫిబ్రవరి నుంచి నీటి పొదుపు మొదలవుతుంది, వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయో తెలుసుకోండి.

ఖాళీ చేసే వేళ కూడా అడగాలి. హేవ్‌లాక్‌లో చాలాచోట్ల ఉదయం ఎనిమిది, తొమ్మిదికే ఖాళీ చేయమంటారు, లోపలికి పన్నెండు తర్వాత. మీ తిరుగు పడవ మధ్యాహ్నం ఉంటే సామాను పెట్టుకోవడానికి, స్నానం చేయడానికి చోటిస్తారా?

భోజనం ప్లాన్ల అక్షరాలు మొదటిసారి అర్థం కావు. ఈపీ అంటే గది మాత్రమే. సీపీ అంటే టిఫిన్ కలిపి. ఎంఏపీ అంటే టిఫిన్, ఒక పూట భోజనం, సాధారణంగా రాత్రిది. ఏపీ అంటే మూడు పూటలూ. మీరు సీపీ తీసుకోండి. మధ్యాహ్నం రిసార్టులో ఉండరు. రాత్రి బజారులో బెంగాలీ హోటళ్లలో అన్నం, పప్పు, చేపల పులుసు చక్కగా దొరుకుతాయి. హేవ్‌లాక్‌లో స్థిరపడినవాళ్లు ఎక్కువ మంది బెంగాలీలే. బరంపురం నోటికి ఆ వంట కొత్తగా అనిపించదు. అమ్మగారు మాంసాహారం ముట్టని రోజులుంటే ఆ సంగతి ముందే చెప్పండి, చేపలు వేయించిన నూనెలోనే కూర చేయకుండా చూస్తారు.

పన్ను లెక్క చాలామంది చూడరు. గది అద్దె రోజుకు 7,500 రూపాయల లోపు ఉంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇదీ పద్ధతి. 7,400 గది చేతికి 7,770 పడుతుంది. 7,600 గది 8,968 పడుతుంది. రెండు వందల తేడా పన్నెండు వందలయింది. అదనపు పరుపు, భోజనం కలిపి ఒకే ధరగా వేస్తే కూడా ఈ గీత దాటవచ్చు, అందుకని విడిగా చూపించమనండి. 7,500 పైన గదులు నడిపే రిసార్టులో భోజనం బిల్లు మీద కూడా 18 శాతం పడే అవకాశం ఉంది. బయటి హోటల్లో అయిదే. ఇది కూడా సీపీ చాలనడానికి ఒక కారణం.

పిల్లల విషయంలో "అయిదేళ్ల లోపు ఉచితం" అన్నది చాలా రిసార్టుల నియమం. మీ పాప ఆరులో ఉంది. "పరుపు లేకుండా పిల్ల", "పరుపుతో పిల్ల" అని రెండు ధరలుంటాయి. నలుగురికి ఒక పెద్ద కుటుంబ గది, లేదా పక్కపక్కన రెండు మామూలు గదులు, రెండూ అడిగి చూడండి. కొన్నిసార్లు రెండు గదులే చవక పడతాయి, అమ్మగారికీ వెసులుబాటు. రద్దు షరతు చదవకుండా డబ్బు కట్టొద్దు. "తిరిగి ఇవ్వబడదు" అని ఉన్న చవక ధర ద్వీపం బుకింగుకు పనికిరాదు, ఎందుకంటే ఇక్కడ వాతావరణం మీ చేతిలో లేదు.

దసరా సెలవులకు కోల్‌కతా నుంచి జనం నిండిపోతారు, డిసెంబరు 15 నుంచి జనవరి మధ్య దాకా ధరలు ఇంకా ఎక్కువ. ఫిబ్రవరి మొదటి మూడు వారాలు వాటితో పోలిస్తే నయం. రెండు నెలల ముందు బుక్ చేస్తే సరిపోతుంది.

నీళ్లలోకి దిగే పనులు

పాపకు, అమ్మగారికి అద్దాల అడుగున్న పడవ సరిగ్గా సరిపోతుంది, తడవకుండా పగడాలు చూడొచ్చు. ఎలిఫెంట్ బీచికి జెట్టీ దగ్గర నుంచి చిన్న పడవలో వెళ్తారు, అక్కడ ఇది దొరుకుతుంది. పొద్దున్నే మొదటి పడవల్లో వెళ్లండి. పదకొండు దాటితే జనం, నీళ్లు కదిలి మసక. అడవి గుండా నడిచే దారి కూడా ఉంది గానీ వేర్లు, బురద, మీ బృందానికి వద్దు.

స్కూబా, అంటే గాలి సిలిండరుతో నీటి అడుగుకు దిగడం, మీరిద్దరూ చేయొచ్చు. ఈత రాకపోయినా శిక్షకుడు పట్టుకుని తీసుకెళ్తాడు, 12 మీటర్ల లోతు దాటకూడదు. పిల్లలకు పదేళ్లు నిండాలి. ముందు ఒక ఆరోగ్య పత్రం నింపిస్తారు. ఉబ్బసం, గుండె జబ్బు, చెవిలో చీము, ఇటీవలి ఆపరేషన్ ఉంటే దాచకుండా రాయండి. జలుబుతో దిగకండి, చెవిలో ఒత్తిడి సమం కాక కర్ణభేరి దెబ్బతింటుంది. చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి, లేకపోతే రక్తంలో కరిగిన నైట్రోజన్ పైకి వెళ్లాక బుడగలవుతుంది. చివరి రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండడం వల్ల మీకు ఈ జాగ్రత్త దానంతటదే కుదురుతుంది.

నీళ్లద్దాలతో ఈదేటప్పుడు జరిగే పొరపాటు అద్దం పట్టీ మరీ బిగించడం. ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీలిస్తే పట్టీ లేకుండానే అంటుకుని ఉండాలి, అదే సరైన కొలత. వెంట్రుకలు అడ్డం పడితే నీరు కారుతుంది. లైఫ్ జాకెట్ కింది పట్టీ తొడల మధ్య నుంచి బిగించమనండి. వదిలేస్తే నీళ్లలో జాకెట్ గడ్డం మీదికి లేస్తుంది. పగడం మీద కాలు పెట్టకండి. అది రాయి కాదు, ప్రాణం ఉన్నది. మీ కాలూ తెగుతుంది, ఆ పుండు త్వరగా మానదు.

బట్టల గురించి. చీర, నూలు పంజాబీ డ్రెస్సు నీళ్లలో బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. కొలనుల్లో నూలు బట్టలతో దిగనివ్వరు. అమ్మగారికి నైలాన్ లెగ్గింగు, పొడుగు చేతుల నైలాన్ చొక్కా రెండు జతలు బరంపురంలోనే కొనండి. పాపకు పొడుగు చేతుల ఈత దుస్తులు. ఎండమంట వీపు మీద, మెడ వెనక, మోకాళ్ల వెనక ఎక్కువ, సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. రబ్బరు అడుగున్న నీళ్ల చెప్పులు నలుగురికీ తప్పనిసరి.

ఇసుక దోమలని చిన్న పురుగులుంటాయి, కంటికి సరిగ్గా ఆనవు. కుట్టినప్పుడు తెలియదు, మర్నాటికి ఎర్రటి దద్దుర్లు, వారం దురద. తడి ఇసుక మీద, నాచు పక్కన కూర్చుంటే, పొద్దున్నే గానీ పొద్దుపోయాక గానీ ఒడ్డున తిరిగితే ఎక్కువ. కాళ్లకు కొబ్బరినూనె మందంగా రాస్తే పురుగు చర్మం దాకా రాలేదు. తువ్వాలు కాక కుర్చీ గానీ ప్లాస్టిక్ చాప గానీ వాడండి. గోకకుండా క్యాలమైన్ రాయండి. పాప గోళ్లు ప్రయాణానికి ముందే కత్తిరించండి, గోకి పుండు చేసుకోకుండా ఉంటుంది.

అక్కడ ఏ చిన్న ఇబ్బందికైనా ఆరోగ్య కేంద్రం ఉంది. పెద్దదైతే పోర్ట్‌బ్లెయిర్ జీబీ పంత్ ఆసుపత్రికి రావాలి, అంటే మధ్యలో సముద్రం. అందుకని అమ్మగారి మందులు పది రోజులకు సరిపడా తీసుకెళ్లండి, చీటీ ఫొటో ఫోన్లో ఉంచండి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక నెట్ బాగుపడింది, యూపీఐ నడుస్తుంది. రాధానగర్ వైపు సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి టికెట్లు ముందే దించుకుని, ఎనిమిది, పదివేలు నగదు ఉంచుకోండి.

ఖర్చు అంచనా ఇలా వేశాను. పడవలు రాను పోను 14 వేలు, హేవ్‌లాక్ గది మూడు రాత్రులకు పన్నుతో 24, పోర్ట్‌బ్లెయిర్ రెండు రాత్రులు 9, తిండి ఆరు రోజులకు 15, ఆటోలు, కారు 8, అద్దాల పడవ, ప్రవేశ టికెట్ల వంటివి 6. స్కూబా చేస్తే మనిషికి మరో నాలుగు వేలు. మీ తేదీలను బట్టి మారే అంకె గది ఒక్కటే, ఆ ధర తేలితే మిగతావి అటూ ఇటూగా ఇలాగే ఉంటాయి.

పోర్ట్‌బ్లెయిర్‌లో భాష గురించి బెంగ వద్దు. జంగ్లీఘాట్ వైపు శ్రీకాకుళం తీరం నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి, అమ్మగారు తెలుగులోనే మాట్లాడుకోవచ్చు. హేవ్‌లాక్‌లో హిందీ, బెంగాలీ.

చివరగా పాప గురించి ఒకటి. ఒడ్డున పగడపు ముక్కలు, గవ్వలు దోసెళ్లకొద్దీ ఉంటాయి, జేబులో వేసుకోవాలని ఉంటుంది. చచ్చిన పగడమైనా తీసుకురావడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం, తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం ఎక్స్‌రేలో సంచి ఆపి తీయిస్తారు. రుషికుల్య మూతి దగ్గర తాబేళ్ల గుడ్లను అటవీశాఖ వాళ్లు ఎలా కాపు కాస్తారో పాపకు తెలిసే ఉంటుంది, అదీ ఇదీ ఒకటేనని చెబితే అర్థం చేసుకుంటుంది. గవ్వ గుర్తుగా కావాలంటే పోర్ట్‌బ్లెయిర్ సాగరిక ప్రభుత్వ ఎంపోరియంలో కొని, ఆ రసీదు టికెట్లతో పాటు చేతిసంచిలోనే పెట్టుకోండి.